రెండే సీట్ల ఎర్ర కారులో కండక్టరు గారితో

ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. పీట కావాలంటే పీట, చాప కావాలంటే చాప. ఫోను బోర్లా పెట్టండి. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించి రండి, మధ్యలో లేస్తే నేనూరుకోను. చెప్పబోయేది కాశీ కథా కాదు, రామేశ్వరం కథా కాదు. గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి దివిసీమ, మళ్ళీ బందరు. బస్సులో ఓ కునుకు తీస్తే దాటిపోయే దూరమే. కానీ నేను ఏభై రెండేళ్ళ వయసులో, మోకాళ్ళకు నూనె రాసుకుని, పైకప్పు తీసేసిన ఎర్ర కారు నడుపుకుంటూ వెళ్ళాను. అందుకని వినాలి.

నేను చదివింది అయిదు. మరిచిపోయింది మాత్రం ఏదీ లేదు. కావాలంటే మా ఆయన్నడగండి, భయపడుతూ చెప్తారు.

మా ఆయన కోటేశ్వర్రావు గారు బస్సు కండక్టరుగా పనిచేసి పోయినేడు రిటైరయ్యారు. నేను గుడివాడలో పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. మామిడికాయలు తెచ్చే మా ట్రాలీ బండి డ్రైవరు ఒక ఎండాకాలం చెప్పకుండా మానేస్తే స్టీరింగు నేనే పట్టాను. ధైర్యం ముందొచ్చింది, లైసెన్సు తరవాతొచ్చింది. ఈ మాట బయట అనకండి.

ఇక కారెందుకంటారా? కండక్టరు పెళ్ళానికి బస్సులో సీటుండదు కాబట్టి. నేను కూర్చుంటే “భార్యకి సీటు దాచాడు” అంటారని ఆయన భయం. ముసలివాళ్ళెక్కితే “మంగా, లే” అనేవారు. చంటిపిల్లతో ఎవరైనా ఎక్కితే “మంగా, లే”. ఎవరూ ఎక్కకపోయినా, ఎక్కుతారేమోనని ముందే లేపేవారు. ముప్పయ్యేళ్ళు పై కడ్డీ పట్టుకుని వేలాడాను. అందుకే బందరులో ఒకాయన రెండు సీట్ల స్పోర్ట్సు కారు అమ్ముతున్నాడని తెలిశాక నా మనసు మరి కుదురుగా లేదు.

మా మరిది “ఈ వయసులో బంగారం కొనుక్కో వదినా” అన్నాడు. మా వియ్యపురాలు “ఒంట్లో ఏమైనా బాగోలేదా వదినగారూ?” అని ఫోన్లో గొంతు తగ్గించి అడిగింది. డబ్బు నా పచ్చళ్ళది. కానీ ‘ఊ’ మాత్రం ఆయనది. ఆయన ఊ అనకుండా నేను గ్రైండరు కూడా కొన్నది లేదు. నేనడిగితే ఆయన ఊ అననిదీ లేదు, ఈ కారు తప్ప.

“ఇద్దరెక్కే బండి ఒక బండేనా?” అన్నది ఆయన వాదన. “సరే, రెండ్రోజులు తిరిగి చూద్దాం. ఆదివారం సాయంత్రం ఊ అంటే కొనుక్కో. ఊహూ అంటే ఈ జన్మకి ఆ మాటెత్తకు.”

పచ్చడి జాడీ మీద చెయ్యేసి ఒప్పుకున్నాను.

బందరు

కారు అమ్మే జానీబాషా గారిది చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల వ్యాపారం. ఏభై దాటాక సరదాపడి కారు కొన్నారు. ఆ తర్వాత కారు అలాగే ఉంది గాని ఆయన పొట్ట ఉన్నచోట ఉండలేదు.

“ఎక్కడం ఒక్కణ్ణే ఎక్కుతాను చెల్లెమ్మా. దిగాలంటే ఇద్దరు లాగాలి. మా ఆవిడైతే నడిచొస్తాను గాని అందులో ఎక్కనంటుంది” అన్నారు.

ముక్కూమొహం తెలియనివాళ్ళకి రెండ్రోజులకి కారెవరిస్తారు? ఆయన మా ఆయన్ని చూసి లేచి నిలబడ్డారు. “మిమ్మల్నెరగకపోవడమేంటండీ! మా అమ్మ ఎప్పుడు గుడివాడ బస్సెక్కినా నిలబడనిచ్చేవారు కాదు. ఎవర్నో ఒకర్ని లేపి కూర్చోబెట్టేవారు.”

ఆ లేచిందెవరో నాకు తెలుసు. నోరు మూసుకుని తాళాలందుకున్నాను.

కారు పెదవికి రాసే ఎరుపు. ఎత్తు మా ఇంటి నీళ్ళ గట్టంత. అందులో కూర్చోవడానికి అందరూ అవస్థ పడతారట గాని, నాకు సులువుగానే ఉంది. సీటు సరిగ్గా కత్తిపీట ఎత్తులో ఉంది మరి. ఇన్నేళ్ళు మామిడికాయలు కొట్టిన నడుము ఇన్నాళ్ళకి పనికొచ్చింది. మా ఆయన మాత్రం ముందు తల పెట్టి, తర్వాత ఒక కాలు పెట్టి, రెండో కాలెక్కడ పెట్టాలో తెలియక బయటే ఉంచేశారు.

లడ్డూలు కొందామని కొట్టు ముందు ఆపాం. బందరు లడ్డు కిలో నాలుగొందల పైమాటే. మా ఊళ్ళో లడ్డు కొరికితే పూస పూసగా రాలుతుంది, ఇక్కడిది నోట్లో వెన్నలా జారుతుంది. కొట్టతను నా చేతిలో తాళాలు చూశాడు, అయినా మా ఆయన్నే అడిగాడు. “ఎంతకి కొన్నారండీ?”

“నేను ప్యాసింజర్నండీ” అన్నారు మా ఆయన.

చల్లపల్లి దారి

ఊరు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా దొరికింది. రెండువైపులా కోసిన వరి పనలు, మధ్య మధ్య చేపల చెరువులు. కాస్త గట్టిగా తొక్కాను. కారు ముందుకెళ్ళినట్టు లేదు, రోడ్డే వెనక్కి పారిపోయినట్టుంది. నా కొప్పు ఊడిపోయింది. ఒంట్లో ఉన్న బీపీ, షుగరూ రెండూ వెనకే ఎక్కడో దిగిపోయాయి. గట్టిగా నవ్వాను. ఎందుకని అడక్కండి, నాకూ తెలియదు.

మా ఆయన కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుతున్నారు. అంతలో కళ్ళు తెరిచి, “హోల్డాన్!” అని బస్సాపే కేక పెట్టారు.

ఏమిటా అని ఆపితే, రోడ్డు పక్కన ఒకతను చెయ్యెత్తి ఉన్నాడు. చంకలో డోలు. మోపిదేవిలో పెళ్ళికి వాయించాలట, బస్సు తప్పిపోయిందట. మా వైపు చెయ్యెత్తిన మనిషిని చూసీ ఆపకుండా వెళ్తే అది పగ కింద లెక్క. అందులో మా ఆయన కండక్టరు. ఎత్తిన చెయ్యి చూస్తే ఆయన గుండె నిలవదు.

“రెండే సీట్లండీ” అన్నాను.

“నేను దిగుతానుగా” అని దిగేశారు. డోలు సన్నాయి మేళం ముహూర్తం దాటకూడదట. ఆయన వెనక వచ్చే బస్సులో వస్తారట.

అలా నా యాత్రలో నా పక్కన కూర్చున్న మొదటి పరాయి మగవాడు డోలు అప్పారావు. అతని ఒళ్ళో డోలు, డోలు మీద లడ్డూల పెట్టె. ఊరుకోకుండా చర్మం బిగువు చూస్తానని రెండు దెబ్బలు వేశాడు. ఎర్ర కారు, పైకప్పు లేదు, డోలు మోత. దారిలో ఆటోలు పక్కకు తప్పుకున్నాయి. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చి “పెళ్ళికొడుకేడమ్మా?” అని అడిగారు.

“బస్సులో వస్తున్నాడు!” అన్నాను.

అబద్ధమేం కాదు. పైగా ఆ బస్సు మమ్మల్ని దాటేసి పోయింది! మా రోడ్ల మీద స్పీడుబ్రేకర్లు ఒక్కోటి చిన్న కొండ. కారు పొట్ట తగలకుండా నేను ఏటవాలుగా, ఎడమ చక్రం తరవాత కుడి చక్రం, పురిటి బిడ్డను దించినట్టు దించుకుంటుంటే, పక్కనుంచి పల్లెవెలుగు గడగడలాడుతూ వెళ్ళిపోయింది. ఫుట్‌బోర్డు మీద మా ఆయన నిలబడి చెయ్యూపారు. ఆ మొహంలో ఆనందం చూడాలి, మళ్ళీ డ్యూటీలో చేరినట్టు!

మోపిదేవిలో అప్పారావుని దింపి, బస్సు దిగి నిలబడ్డ మా ఆయన్ని ఎక్కించుకుని, స్వామికి కారులోంచే దణ్ణం పెట్టుకున్నాను. ఆయనకీ నెమలి మీద ఉన్నది ఒకటే సీటు, భార్యలు ఇద్దరు. ఆయనెలా సర్దుకొస్తున్నాడో కనుక్కోవాలనిపించింది గాని లైను చాలా పెద్దదిగా ఉంది.

అవనిగడ్డ

ఆ పూట అవనిగడ్డలో వీర్రాజు అన్నయ్య ఇంట్లో దిగాం. మా ఆయన కండక్టరుగా ఉన్నన్నాళ్ళలో ఎక్కువకాలం ఆ బస్సుకి ఆయనే డ్రైవరు. కారు చుట్టూ తిరిగి, వంగి చూసి, హారను కొట్టి చూశారు.

“ఇది హారనా, దగ్గా?” అన్నారు. “గేదె కూడా లెక్కచెయ్యదమ్మా దీన్ని.”

వాళ్ళావిడ సత్యవతి వదిన వండిపెట్టింది. కొత్తబియ్యం అన్నం, గోంగూర రొయ్యలు, మీగడ పెరుగు. కొత్తబియ్యం మేం ఏడాది దాచి గాని వండం, ముద్దవుతుందని. ఈ సీమలో కోసిన వారానికే వండేస్తారు, మెత్తగా ఉంటుందని. ఇద్దరం చెప్పేదీ ఒకటే సంగతి. మనకి తప్పు, వాళ్ళకి రుచి.

తింటూండగా వదిన నన్ను చూసి నవ్వింది. “మంగా, నీకు గుర్తుందా? నేను డ్రైవరు పెళ్ళాన్నని ఇంజను పక్కన సీట్లో దర్జాగా కూర్చుని వచ్చేదాన్ని. నువ్వు పాపని చంకనేసుకుని బందరు నుంచి ఇక్కడిదాకా నిలబడి వచ్చావొకసారి. మధ్యలో రెండుసార్లు సీటు దొరికింది. రెండుసార్లూ తమ్ముడే లేపాడు.”

“మూడు” అన్నాను.

“మూడోది ఎవరికి?”

“పొలం నుంచి ఇంటికెళ్తున్న మేకపిల్లకి. అది కంగారు పడుతోందట.”

వీర్రాజు అన్నయ్యకి నవ్వుతో పొలమారింది. వదిన కళ్ళు తుడుచుకుంది. మా ఆయన మాత్రం పెరుగన్నం కలపడం ఆపేశారు. “ఆ మేకపిల్లకి కాలు విరిగింది అక్కా” అన్నారు. దానికింకా నవ్వాం.

పొద్దున బయల్దేరబోతుంటే వదిన బియ్యం మూట తెచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపితే ఈ సీమలో పరువు పోతుంది. ఆ కారు డిక్కీలో పట్టేది ఒక రైస్ కుక్కరు, అదీ మూత లేకుండా.

“వచ్చేటప్పుడు తీసుకుంటాం వదినా” అన్నాను.

“వచ్చేటప్పుడు కొబ్బరికాయలున్నాయిగా” అంది.

బియ్యం మూట మా ఆయన ఒళ్ళో కూర్చుంది.

హంసలదీవి

కోడూరు దాటాక గాలి ఉప్పగా తగులుతుంది. ఇటు వరి, అటు మడచెట్లు, ఆ చివర కృష్ణమ్మ వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. ఎక్కడ నదో ఎక్కడ సముద్రమో గీత గీసినట్టుంటుందనుకున్నాను. అలాంటిదేం లేదు. అత్తింటికొచ్చిన పాతకోడల్లా ఎప్పుడో కలిసిపోయింది.

ఇసకలోకి దింపకుండా రోడ్డు మీదే ఆపాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన తలెత్తి చూసి, “ఇదేం బండమ్మా, ఉడకేసిన పీతలాగుంది” అన్నాడు. ఎర్రగా, వెడల్పుగా, నేలకంటుకుని ఉంది మరి. కాదనలేకపోయాను.

వాళ్ళ కోడలు నాంచారమ్మ ఎండుచేపలమ్ముతుంది. మంచినీళ్ళడిగితే భోజనం పెట్టింది. నిజం పీతల పులుసు, వేడివేడిగా. మేం చేపల పులుసు రాత్రంతా ఊరబెట్టి మర్నాడు తింటే గొప్ప అనుకుంటాం. ఆ మాటంటే ఆవిడ వింతగా చూసింది. “రేపటికి రేపటి చేప ఉంటది గదమ్మా, ఇయ్యాళ్టిది దాచడమెందుకు?”

తిన్నాక కోడూరు వెళ్ళాలంది ఆవిడ, ఎండురొయ్యలిచ్చి రావాలట. ఆటో రాలేదట. నేను మా ఆయన వైపు చూడలేదు. చూడక్కర్లేకుండానే తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. బియ్యం మూటతో సహా దిగి నిలబడ్డారు.

“నేను చేపలబండిలో వస్తాలే మంగా. నువ్వు పద.”

నాంచారమ్మ ఎక్కింది, ఒళ్ళో ఎండురొయ్యల గంప. జానీబాషా గారి కారుకి అంతకు ముందు అత్తరు వాసనుండేది.

“మీ ఆయన ధర్మాత్ముడమ్మా” అంది.

“ఆ, నా సీట్లన్నీ దానం చేసి ధర్మాత్ముడయ్యారు.”

ఆవిడకి అర్థమై పడీపడీ నవ్వింది. తర్వాత తన సంగతి చెప్పింది. “మాలో ఆడది వేటకెళ్ళే పడవెక్కకూడదంటారమ్మా, గంగమ్మకి కోపమట. మా పడవ కొన్నది నా చేపల డబ్బు. దాని మీద రంగుతో రాసింది నా పేరు. నేనెప్పుడూ ఎక్కలా. గట్టు మీద నిలబడి నా పేరు సముద్రంలోకి ఎల్లడం సూత్తా.” సీటు తడిమింది. “ఇది కొనుక్కోమ్మా. నువ్వే తోలుతున్నావు గదా.”

“మా ఆయన ఊ అనాలి.”

“మా గంగమ్మ నయం” అంది నాంచారమ్మ.

ధాన్యం మీద

కోడూరులో ఆవిణ్ణి దింపాను. మా ఆయన చేపలబండిలో ఐసు పెట్టె మీద కూర్చుని, వెనక తడిసి, వచ్చారు. ఇద్దరం ఎక్కాం. అప్పటికే సముద్రం వైపు మబ్బు కమ్మింది. ఆదివారం మధ్యాహ్నం, సాయంత్రానికి బందరు చేరాలి. ఆయన ఏమనబోతున్నారో నాకు తెలిసిపోయినట్టే ఉంది. ఇన్ని చేతులెత్తితే ఒక్కరినీ ఎక్కించుకోలేని బండికి ఆయన ఊ అంటారా?

కోతల రోజుల్లో మా వైపు సగం రోడ్డు ధాన్యానిది. ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, మిగిలిన సగంలో మనం వెళ్ళాలి. మబ్బు చూసి రైతులంతా కంగారుగా కుప్పలు చేస్తున్నారు. ఎదురుగా ట్రాక్టరొచ్చింది. తప్పించబోయి ఎడమ చక్రాలు కుప్ప అంచు మీదకెక్కించాను. మా ట్రాలీ అయితే దాటేసేదే. అలవాటులో ట్రాలీ అనుకున్నాను.

సర్రుమంది. కారు పొట్ట ధాన్యం మీద ఆనుకుని, గుడ్లు పొదిగే పెట్టలా కూర్చుండిపోయింది. తొక్కితే చక్రాలు తిరిగి ధాన్యం చిమ్ముతోంది గాని కదల్లేదు.

“ఆపండమ్మా, ఆపండి! గింజ నలిగిపోద్ది!” అంటూ రైతు పరిగెత్తుకొచ్చాడు.

వెనకే ఆయన భార్య. “వాన నెత్తిమీదికొస్తంటే మా కుప్ప మీదొచ్చి కూర్చున్నారేంటండీ!” మా ఆయన వైపు తిరిగింది. “మీరుండి ఆడమనిషికిచ్చారా బండి?”

“నాకు రాదమ్మా” అన్నారాయన.

“రాదని ఎంత దర్జాగా చెప్తన్నారో సూడండి!”

చుట్టుపక్కల కుప్పల దగ్గరవాళ్ళు కూడా చేరారు. ట్రాక్టరతను దూకి వచ్చాడు. “ఆంటీ, మీరు దిగండి. నేను కూర్చుని ఒక్క రేసిచ్చానంటే లేచొచ్చేస్తది.”

ఎవరైనా లెమ్మంటే లేవడం నా కాళ్ళకి అలవాటు. తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టేశాను కూడా.

“మంగా, కూర్చో.”

తిరిగి చూశాను. మా ఆయన అప్పటికే దిగారు. చెప్పులు రోడ్డు మీద విడిచి, ధాన్యంలో ఉత్తకాళ్ళతో నిలబడ్డారు.

“మా ఆవిడ లేవదు బాబూ” అన్నారు ట్రాక్టరతనితో.

“బరువు తగ్గుద్ది గదండీ...”

“తగ్గక్కర్లేదు. ఆ సీటు ఆవిడది. ముప్పయ్యేళ్ళు లేపాను, ఇక లేపను. బండి ఎత్తుదాం, అందరూ తలో చెయ్యి వెయ్యండి.”

“ఇదెక్కడి పంచాయితీ అండీ, పక్కన వానొస్తంటే!” అన్నాడు రైతు.

“అందుకే తొందరగా పట్టమంటున్నాను.”

తిట్టుకుంటూనే చెప్పులిప్పి పట్టారు. మా ఆయన ముందు చక్రం దగ్గర వంగి, “హోల్డాన్!” అన్నారు. అందరూ ఊపిరి బిగబట్టారు. “రైట్, రైట్!” కారు లేచింది, నాతో సహా. నేను స్టీరింగు పట్టుకుని ఊళ్ళో అమ్మవారిలా ఊరేగాను.

“బరువు కారుదా, ఆంటీదా?” అని మూలిగాడొకడు.

“సగం సగం నాయనా, మాట్లాడకుండా పట్టు” అన్నాను.

రోడ్డు మీదకి దింపారు. అప్పుడు నాకై నేను దిగాను. కొంగు బిగించి రైతు భార్య చేతిలో పార అందుకున్నాను. మా ఆయన కుప్ప మీద టార్పాలిను పట్టా కప్పారు. ట్రాక్టరతను అంచుల మీద రాళ్ళు పెట్టాడు. చివరి రాయి పడుతుండగా చినుకు మొదలైంది. రైతు భార్య నా జుట్టులోంచి గింజలేరుతూ, “ఇంతకీ ఎంత పెట్టి కొన్నారొదినా?” అంది.

“ఇంకా కొనలేదు” అన్నాను.

“మరెందుకంత పట్టు ఆయనకి?”

పార ఆవిడ చేతికిచ్చేశాను. కొంగుతో మొహం తుడుచుకున్నాను. తడిసినందువల్లనే అనుకోండి.

మళ్ళీ బందరు

 పైకప్పు వేసుకున్నాం, దాని మీద వాన డోలు వాయిస్తోంది. అవనిగడ్డలో కొబ్బరికాయలెక్కాయి. ఇద్దరు చెయ్యెత్తారు. ఆయన వాళ్ళని చూశారు, తల దించుకున్నారు, దిగలేదు. ఆయన ప్రాణం ఎంత గింజుకుందో నేను పక్కనుండి చూశాను. మూడో మనిషి గొడుగు లేని ముసలామె. నేనే ఆపాను. ఆయన పరుగున దిగి, బస్సుకి పరిగెత్తారు, పండగ సెలవులిచ్చినట్టు.

చిలకలపూడిలో జానీబాషా గారు గొడుగు పట్టుకుని వాకిట్లోకొచ్చారు. కారు ముక్కులోంచి ధాన్యం కారుతోంది. ఆయన దాన్ని చూడనట్టే నటించారు, పెద్దమనిషి. మా ఆయన అప్పుడే బస్సు దిగి, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ వచ్చారు.

“ఏం బావగారూ, తీసుకుంటున్నారా మరి?” అని జానీబాషా గారు ఆయన్నే అడిగారు.

 మా ఆయన కండువా పిండుకున్నారు.

“నన్నడుగుతారేంటండీ” అన్నారు. “ఆవిణ్ణడగండి.”

జానీబాషా గారు నా వైపు తిరిగారు. ఇద్దరు మగవాళ్ళూ, వానా, ఎర్ర కారూ నా మాట కోసం నిలబడి ఉన్నారు. కాసేపు నిలబడనిచ్చాను, తప్పేముంది?

తర్వాత “ఊ” అన్నాను.

అదే సంగతి. ఇక లేవండి, మీ పనులాగిపోతాయి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద ఎసరు పొంగాలి గాని పొరలకూడదు. మీ ఆడపిల్లలు ఏ చక్రం పట్టినా అది తిన్నగా తిరగాలి. మీ మగవాళ్ళ మంచితనం ఊరంతా తిరిగి అలిసిపోకముందే ఇంటి గుమ్మం తొక్కాలి. మీ ధాన్యానికి పట్టా పడ్డాకే మీ వాకిట్లో వాన పడాలి.